ఉద్యోగం చేసుకుంటూనే మొదటి నవల: రాయడం నుంచి అచ్చు దాకా

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా సాహిత్య సభ ముగిశాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి ఇదే అడుగుతారు: "మాస్టారూ, నేనొక నవల రాస్తున్నాను. ఎవరికి పంపాలి?" అడిగేవాళ్లలో బడిపంతుళ్లు ఉంటారు, సచివాలయం ఉద్యోగులు ఉంటారు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాస్త తీరిక దొరికిన గృహిణులు ఉంటారు. ఎంతవరకు వచ్చిందని అడిగితే చాలామంది నలభై పేజీల దగ్గర ఉంటారు. మిగిలినవాళ్లు ఒకసారి రాసేసి, ఆ వారంలోనే ప్రెస్సుతో మాట్లాడేసి ఉంటారు.

ఈ రోజుల్లో అచ్చు వేయించడం పెద్ద పని కాదు. డబ్బు కడితే నెలలో పుస్తకం చేతికొస్తుంది. మొదటి ప్రతి పూర్తయిన రోజుకీ ప్రెస్సుకి ఇచ్చిన రోజుకీ మధ్య ఏం చేశారన్నదే పుస్తకాన్ని నిలబెడుతుంది. అందుకే కింద ఆ భాగానికే ఎక్కువ చోటిచ్చాను.

ఏం కావాలి

రోజుకొక గంట. ఒక లాంగ్ నోట్‌బుక్, లేదా తెలుగు టైపింగ్ వచ్చిన ఫోను లేక కంప్యూటరు. పాత్రల పేర్లు, వయసులు, తేదీలు రాసుకోవడానికి వేరే చిన్న పుస్తకం. దీన్ని "నవల పద్దు" అందాం. మొహమాటం లేకుండా మాట్లాడే ఇద్దరు ముగ్గురు పాఠకులు. డబ్బు ఇప్పుడే అక్కర్లేదు, ఆ సంగతి ఎనిమిదో మెట్టు దగ్గర.

1. ముందు వేళ ఖాయం చేసుకోండి

ఇన్ని పేజీలు రాస్తాను అని మొక్కుకోకండి, ఫలానా వేళ కూర్చుంటాను అనుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకా, రాత్రి భోజనాలయ్యాకా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి. గంటలో మూడు వందల మాటలు వస్తే బాగా వచ్చినట్టే. నెలకి ఇరవై రెండు రోజులు కూర్చుంటే ఆరువేల ఆరు వందలు. నలభై అయిదు వేల మాటల నవల ఏడు నెలల్లో ఒక కొలిక్కి వస్తుంది. అచ్చులో ఒక పేజీకి రెండు వందల నుంచి రెండు వందల యాభై మాటలు పడతాయి కాబట్టి అది దాదాపు రెండు వందల పేజీల పుస్తకం. మొదటి నవలకి ఇది చాలు.

సంక్రాంతి వారాన్నీ, ఇంట్లో పెళ్లి ఉన్న నెలనీ లెక్కలోంచి ముందే తీసేయండి. అవి తియ్యకుండా వేసుకున్న లెక్క తప్పుతుంది, లెక్క తప్పిందన్న నిస్పృహతో పనే ఆగిపోతుంది.

షిఫ్టు డ్యూటీల వాళ్లకి రోజూ ఒకే వేళ కుదరదు. వాళ్లు వారానికి మూడు పూటలు, పూటకి రెండేసి గంటలు పెట్టుకోవచ్చు. రోజూ బస్సులోనో పాసింజరు రైల్లోనో విజయనగరం, శ్రీకాకుళం మధ్య తిరిగేవాళ్లు ఆ ప్రయాణంలో నవల రాయాలని చూడకండి. ఆ సమయంలో రేపు రాయబోయే సన్నివేశం గురించి నాలుగు ముక్కలు ఫోనులో రాసుకోండి. మర్నాడు తెల్ల కాగితం ముందు బెదిరిపోకుండా ఆ నాలుగు ముక్కలే కాపాడతాయి.

లేచే ముందు తర్వాతి వాక్యం ఏమిటో తెలిసిన చోట ఆపండి. అంతా రాసేసి ఖాళీ అయిపోయి లేస్తే మర్నాడు మొదలుపెట్టడానికే అరగంట పోతుంది.

2. నవల పద్దులో కాలం, ఊరు సరిచూసుకోండి

కథ ఏ సంవత్సరంలో మొదలై ఏ సంవత్సరంలో ముగుస్తుందో ఒక పేజీలో గీసుకోండి. ప్రతి పాత్రకీ పుట్టిన సంవత్సరం రాయండి. మన ప్రాంతం గురించి రాసేవాళ్లు తరచూ తప్పే చోట్లు కొన్ని చెబుతాను.

జిల్లాలు: శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979లో. కాబట్టి 1975లో మీ పాత్ర పార్వతీపురంలో ఉంటే అది శ్రీకాకుళం జిల్లాయే. 2022 ఏప్రిల్ తర్వాత పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకీ, రాజాం విజయనగరం జిల్లాలోకీ వెళ్లాయి. 2023లో జరిగే కథలో రాజాం మనిషి కలెక్టరుకి అర్జీ ఇవ్వడానికి శ్రీకాకుళం వెళ్లాడని రాస్తే, రాజాం పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

పండుగలు: పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. కథలో దాన్ని ఆదివారం పెట్టకండి.

తుఫానులు: హుద్‌హుద్ 2014 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటిన రెండేళ్లకే కాపుకి రాదు. 2020లో ఆ రైతు కొత్త తోటలో కాయలు దింపిస్తున్నాడని రాస్తే కథలో అతను పడిన కష్టమంతా అబద్ధమైపోతుంది.

ఇవి వివరాలే కదా అనిపించవచ్చు. తన ఊరి విషయంలో రచయిత ఒకచోట తప్పాడని తెలిశాక, పాఠకుడు మనుషుల మనసుల గురించి ఆ రచయిత చెప్పేది కూడా నమ్మడు.

3. యాసకి ఒక కట్టుబాటు పెట్టుకోండి

మన యాసలో రాయాలా వద్దా అని అడుగుతారు. రాయండి, తప్పకుండా రాయండి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు పుట్టింది శ్రీకాకుళం నేల మీద, పాత్రల నోట జీవభాష పలికించిన గురజాడ బతికింది విజయనగరంలో. ఇక్కడ పుట్టి యాస రాయడానికి జంకనక్కర్లేదు.

అయితే పద్ధతి ఉండాలి. కథనం మామూలు వ్యావహారికంలో, సంభాషణలు యాసలో అనుకుంటే చివరిదాకా అలాగే నడపండి. పద్దులో ఒక పేజీ మాటల పట్టీకి కేటాయించండి: ఏటి, ఎలగ, నాను, సెప్పినాడు, ఎల్లినాది, బేగి, ఒగ్గేసినాడు. ఒక మాటని ఎలా రాయాలో ఒకసారి నిర్ణయించాక మార్చకండి. పదో పేజీలో "ఏటి", అరవయ్యో పేజీలో "యేటి" ఉంటే ప్రూఫులు దిద్దేవాళ్లకి మతిపోతుంది.

అందరి నోటా ఒకే యాస పెట్టడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. నాయనమ్మ "సెప్పినాను గదా" అంటుంది. విశాఖలో ఇంజనీరింగ్ చదివే మనవడు "చెప్పాను కదా" అంటాడు, కోపమొస్తే మాత్రం నాయనమ్మ భాషలోకి దిగుతాడు. భావనపాడు తీరంలో మాట, సీతంపేట కొండల కింద మాట ఒకటి కావు. ప్రతి "చ"నీ "స" చేసుకుంటూ పోతే యాస రాదు, వెక్కిరింత వస్తుంది.

సరిచూసుకోవడం ఇలా: ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి చేత ఒక సంభాషణని పైకి చదివించండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మీ అక్షరక్రమం మార్చాలి. ఎక్కడ తమకు తెలియకుండానే వేరే మాట పలికారో అక్కడ వాళ్ల మాటే రాసుకోండి.

4. మొదటి ప్రతిని వెనక్కి తిరగకుండా రాయండి

మొదటి అధ్యాయాన్ని చెక్కుతూ కూర్చునేవాళ్లకి రెండో అధ్యాయం రాదు. మధ్యలో హీరో పేరు మార్చాలనిపిస్తే పద్దులో "ఇక్కడి నుంచి పేరు మార్పు" అని రాసి, కొత్త పేరుతో ముందుకు వెళ్లండి. చెల్లెలు అనవసరం అనిపిస్తే అదీ పద్దులో రాసి, ఆ పేజీ నుంచి ఆమె లేనట్టే రాయండి. దిద్దుబాటు తర్వాత.

మూడో వంతు దగ్గర దాదాపు అందరికీ బండి ఆగుతుంది. మొదట్లో ఉన్న ఉత్సాహం అయిపోతుంది, ముగింపు ఇంకా కనిపించదు. అప్పుడు వరసక్రమం పక్కనపెట్టి, ముందు ఎక్కడో రాబోయే, మీకు బాగా తెలిసిన సన్నివేశం ఒకటి రాయండి. కోర్టు వాయిదా కావచ్చు, పంపకాల రోజు కావచ్చు, వలస వెళ్లిన కొడుకు వేరావల్ నుంచి చేసిన ఫోను కావచ్చు. అది రాశాక మధ్యలో ఏం కావాలో తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. పాత్రల చేత ఉపన్యాసాలు ఇప్పించకండి. మన ప్రాంతంలో చెప్పుకోవాల్సిన అన్యాయాలు చాలా ఉన్నాయి, చెప్పాలన్న ఆవేశం న్యాయమైనదే. కానీ నిర్వాసితుడైన రైతు నోట రెండు పేజీల ప్రసంగం పెడితే ఆ రైతు మాయమై మీరే కనబడతారు. అతను నష్టపరిహారం కాగితం ఎక్కడ దాచుకున్నాడో, ఎవరి చేత చదివించుకున్నాడో రాయండి.

5. నెల రోజులు ముట్టుకోకండి, తర్వాత మళ్లీ రాయండి

ఈ మెట్టుని దాటేసేవాళ్లే ఎక్కువ. "కన్యాశుల్కం" మొదటి కూర్పు 1897లో వచ్చింది. గురజాడ దాన్ని అంతటితో వదల్లేదు, తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఈరోజు చదివేది, ఆడేది ఆ రెండోదాన్నే. అచ్చయి పేరు తెచ్చుకున్న నాటకాన్నే ఆయన మళ్లీ రాస్తే, మన మొదటి ప్రతికి రెండో రాత ఎందుకన్న ప్రశ్నే ఉండకూడదు.

పద్ధతి చెబుతాను. మొత్తం ప్రింటు తీయించండి, తెరమీద చదవకండి. రెండు మూడు రోజుల్లో ఒక పాఠకుడిలా చదివేయండి. పెన్సిలుతో మార్జిన్‌లో మూడే గుర్తులు పెట్టండి: విసుగొచ్చిన చోట అడ్డగీత, నమ్మబుద్ధి కాని చోట ప్రశ్నార్థకం, బాగుందనిపించిన చోట టిక్కు. అక్షరదోషాలు దిద్దుతూ కూర్చోకండి, పోబోయే పేజీలకి ఆ శ్రమ దండగ.

తర్వాత అధ్యాయాల పట్టీ వేయండి. ఒక్కో అధ్యాయానికి ఒక్కో వరస: "ఈ అధ్యాయం మొదట్లో ఎవరి పరిస్థితి ఏమిటి, చివర్లో ఏమైంది." ఏమీ మారని అధ్యాయాన్ని పక్కదానితో కలపండి, లేదా తీసేయండి. వర్ణన ఎంత బాగా కుదిరినా సరే. నాగావళి వరద మీద మీరు రాసిన నాలుగు పేజీలు అంత ఇష్టమైతే విడిగా దాచుకోండి, రేపు కథ అవుతుంది.

ఆ తర్వాత కొత్త ఫైలు తెరిచి మొదటి నుంచి మళ్లీ టైపు చేయండి. పాత ఫైల్లోనే అతుకులు వేస్తే పాత వాక్యాలు అలాగే ఉండిపోతాయి. మళ్లీ టైపు చేసేటప్పుడు మాత్రం, అక్కర్లేని వాక్యాన్ని కొట్టడానికి చెయ్యే రాదు. నా అనుభవంలో దీన్ని మించిన ఎడిటింగు లేదు.

అంత టైపింగ్ ఓపిక లేనివాళ్లు ఫోనులో వాయిస్ టైపింగ్ వాడుకోవచ్చు. అది యాసని సరిగ్గా పట్టుకోదు. కథనం చెప్పి రాయించుకుని, సంభాషణలు చేత్తో టైపు చేయండి.

6. పాఠకుల చేత చదివించండి

ఇద్దరు చాలు, ముగ్గురైతే మంచిది. అందులో ఒకరైనా రచయిత కానివారు ఉండాలి. బంధువులకి ఇవ్వకండి, అందులో తమను వెతుక్కుంటారు.

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. పేజీ నంబర్లున్న ప్రింటు ఇచ్చి ఇవి అడగండి: ఏ పేజీ దగ్గర ఆపి లేచారు? ఎవరి పేరు మర్చిపోయి వెనక్కి తిప్పారు? ఎక్కడ ముందే ఊహించేశారు? చదివిన పది రోజుల తర్వాత ఏ మనిషి గుర్తున్నాడు? ఇద్దరు ఒకే చోట ఆగితే ఆ తప్పు మీదే, వాదించకుండా దిద్దండి. ఒక్కరే ఆగితే ఆలోచించి నిర్ణయించుకోండి.

7. ఎక్కడికి పంపాలి

ఇప్పుడు, ఇంత చేశాక, మీ ప్రశ్నకి వద్దాం. నెలకొక నవల ఇచ్చిన "చతుర" మాసపత్రిక 2021లో ఆగిపోయింది, దాంతో మొదటి నవలకి ఒక పెద్ద గుమ్మం మూసుకుపోయింది. ఉన్నవి మూడు దారులు.

పోటీలు. పత్రికలు, తానా వంటి ప్రవాస తెలుగు సంఘాలు అప్పుడప్పుడు నవలల పోటీలు పెడతాయి. ప్రకటనలో నాలుగు విషయాలు చూడండి: పేజీల పరిమితి, ఎక్కడా అచ్చు కాలేదన్న హామీ, ఫలితాలు వచ్చేదాకా వేరేచోటికి పంపకూడదన్న షరతు, బహుమతి వచ్చినవాటి హక్కులు ఎవరివి అన్నది. రాతప్రతిలో పేరు ఉండకూడదంటే ముందుమాటలో, ఫైలు పేరులో కూడా తీసేయాలి. ఇదొక్కటీ మర్చిపోయి వెనక్కి వచ్చిన నవలలు ఉన్నాయి.

ప్రచురణకర్త. ఒక పేజీ కథాసారం, మొదటి ముప్ఫై పేజీలు, మీ గురించి నాలుగు వాక్యాలు పంపండి. కథాసారంలో ముగింపు దాచకండి. మూడు నెలలు ఆగి ఒకసారి గుర్తుచేయండి. ఒప్పుకుంటే కాగితం మీద రాసుకోండి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లు అనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనీ చట్టం భావిస్తుంది. వేరేలా రాసుకోకపోతే, తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడుకోకపోయినా ఆ బదిలీ చెల్లదు. రాయల్టీ పుస్తకం ధర మీదా, అమ్మగా వచ్చిన డబ్బు మీదా అన్నది స్పష్టంగా రాయించండి. ఈ-బుక్, ఆడియో, సినిమా హక్కులు ఒకే వాక్యంలో కలిపి ఇచ్చేయకండి. మీ దగ్గర డబ్బు తీసుకుని వేసేవారితో వ్యవహారం వేరు. వారిని ప్రెస్సు కిందే లెక్కవేసి, హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి.

"ఎవరైనా నా కథ కొట్టేస్తే?" అని టెన్షన్ పడతారు. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. అది మీ జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తేదీతో ఉన్న రాతప్రతులు, ఈమెయిళ్లు దాచుకుంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

మూడోది, సొంతంగా వేసుకోవడం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, పనే ఎక్కువ.

8. సొంతంగా వేసుకుంటే

అన్నిటికన్నా ముందు అక్షరాల సంగతి. మీరు ఫోనులో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. పేజీలు కట్టే చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లే వాడతారు. దాంట్లోకి మార్చేటప్పుడు అక్షరాలు విరుగుతాయి. క్ష, ర వత్తు, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు, మూడు హల్లులు కలిసిన చోట్లు, కొటేషన్ గుర్తులు ముందుగా దెబ్బతింటాయి. యూనికోడ్‌లోనే పేజీలు కట్టగలిగే వాళ్లు దొరికితే వాళ్లకే ఇవ్వండి. దొరక్కపోతే ముందు పది పేజీలు మార్పించి, ఒక్కో అక్షరం చూసి, ఆ తర్వాతే మిగతాది ఇవ్వండి.

ఇంకో ప్రమాదం ఉంది. డీటీపీ చేసేవారు మంచి ఉద్దేశంతోనే మీ యాసని దిద్దేస్తారు. "బేగి" కాస్తా "వేగి" అవుతుంది, "నాను" అన్నవన్నీ "నేను" అయిపోతాయి. మూడో మెట్టులో రాసుకున్న మాటల పట్టీని ప్రింటు తీసి వాళ్ల బల్ల మీద పెట్టించండి. ప్రూఫులు మూడుసార్లు చూడాలి: ఒకసారి మీరు, ఒకసారి నవల చదవని మనిషి, మూడోసారి కాగితం మీద మళ్లీ మీరు. చివరిసారి కథ చదవకండి, చివరి పేజీ నుంచి వెనక్కి రండి, అప్పుడే అక్షరాలు కనబడతాయి.

ఐ.ఎస్.బి.ఎన్., అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయితగా మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. పదమూడు అంకెల నంబరు వస్తుంది. రోజులు పట్టవచ్చు కాబట్టి ప్రూఫుల దశలోనే పెట్టండి. దీనికోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

ప్రెస్సులో డెమ్మీ 1/8 సైజు అడగండి, నవలలకి అలవాటైన సైజు అది. పదహారు పేజీలకొక ఫారం. 176 పేజీలంటే సరిగ్గా పదకొండు ఫారాలు. 179 అయితే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం వెళ్తుంది, కాబట్టి ముందుమాట కుదించుకోండి. ఇద్దరు ప్రెస్సువాళ్ల దగ్గర కొటేషన్ తీసుకోండి, అందులో కాగితం మందం, కవరు మందం, లామినేషన్, బైండింగు, రవాణా విడివిడిగా రాయించండి. అయిదు వందలకి పైగా అయితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు, రెండు వందల లోపు అయితే డిజిటల్ ప్రింటింగ్ నయం. మొదటి నవలకి రెండు వందలతో మొదలుపెట్టమనే నా సలహా. వెయ్యి కాపీలు వేసి మంచం కింద దాచుకున్న ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేం లేవు.

ధర లెక్క ఇలా వేయండి. కాపీకి ఎనభై రూపాయలు పడిందనుకుందాం. షాపులు నలభై శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కమీషన్ తీసుకుంటాయి. రెండు వందల ధర పెడితే చేతికి నూట ఇరవై వస్తుంది, అందులోంచే పార్సిలు ఖర్చు, ఉచితంగా ఇచ్చే కాపీలు పోవాలి. నూట యాభై పెడితే చేతికొచ్చేది తొంభై, ఆ ఖర్చులన్నీ పోతే జేబులోంచే పడవచ్చు.

డమ్మీ కాపీ చూడకుండా మొత్తం వేయమనకండి. అందులో చూడాల్సినవి: పేజీలు వరసగా ఉన్నాయా, వెన్ను మీద పేరు మధ్యలో పడిందా, లోపలి మార్జిన్ బైండింగులోకి వెళ్లిపోయిందా, పుస్తకాన్ని పూర్తిగా తెరిస్తే పేజీలు ఊడుతున్నాయా.

9. పుస్తకం వచ్చాక

కట్టలు విప్పి వేర్వేరు కట్టల్లోంచి పది కాపీలు తిప్పి చూడండి. ఫారం తలకిందులైన కాపీలు ఉంటే వెంటనే ప్రెస్సుకి చెప్పాలి, నెల పోయాక ఒప్పుకోరు.

1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురించినవారు ముప్ఫై రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకి కూడా ఒక్కోటి. మీరే ప్రచురించుకుంటే ఈ బాధ్యత మీదే. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి కూడా ఇవ్వండి. కథలు కూడా రాసేవాళ్లైతే, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి మీ కథల సంపుటాలు తప్పక చేర్చండి. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒక్కచోట దొరకాలన్న ఆయన పట్టుదలకి మనం చేయగలిగిన సాయం అది.

ఆవిష్కరణ సభ కోసం పుస్తకం ఖర్చంత పెట్టకండి. ఆ డబ్బుతో డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకీ, జనవరిలో విజయవాడ ప్రదర్శనకీ కాపీలు చేర్చండి. స్టాలు అక్కర్లేదు, ఇప్పటికే స్టాలు ఉన్న వారితో మాట్లాడుకుంటే చాలు.

షాపులకి ఇచ్చిన ప్రతి కాపీకీ చలానా రాయించుకోండి: తేదీ, ఎన్ని కాపీలు, కమీషన్ ఎంత, డబ్బు ఎప్పుడు. మూడు నెలలకొకసారి ఫోను చేయండి. అమ్ముడుపోనివి ఏడాది తర్వాత వెనక్కి తెచ్చుకుని, బాగున్నవాటిని కాలేజీ లైబ్రరీలకి ఇవ్వండి. వచ్చిన ఉత్తరాల్లో, ఫోన్లలో పాఠకులు ఎత్తిచూపిన తప్పులన్నీ ఒక కాపీలోనే పేజీల వారీగా దిద్ది పెట్టుకోండి. రెండో ముద్రణకి ప్రెస్సుకి ఇవ్వాల్సింది ఆ కాపీనే.